డిస్పాచ్ నందదా వేసిన లాంచీ

నందదా గురించి చెప్పమంటే ముందు ఆయన వేళ్ల గురించి చెప్పాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి. స్టాంపు ప్యాడు సిరా అది. సబ్బుకి పోయేది కాదు, దుర్గాపూజ సెలవుల్లో పదిరోజులు ఇంట్లో కూర్చున్నా పోయేది కాదు. కూతురి పెళ్లి ఫొటోల్లో కూడా ఆ రెండు వేళ్లూ అలాగే పడ్డాయి.

బెంగాల్లోని చుంచురాలో గంగ ఒడ్డున మా కాలువల ఆఫీసు. అందులో ముప్పైమూడేళ్లు డిస్పాచ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి నందదులాల్ పాఖిరా, మా అందరికీ నందదా, అంటే నందన్న. ఎదురు బల్ల నాది. నా పేరు కాజరీ సర్ఖేల్. బయటినుంచి వచ్చిన కాగితాలకు ఇన్‌వార్డ్ నంబరు వేసి లోపలికి పంపడం నా పని. లోపల తయారైన కాగితాలకు నంబరు వేసి బయటికి పంపడం ఆయన పని. మా ఇద్దరి మధ్య మూడడుగుల దూరం. ఇరవై రెండేళ్లు ఆ మూడడుగుల్లోనే పోట్లాడుకున్నాం. కిటికీ తెరవాలా మూయాలా, ఫ్యాను ఎంత తిరగాలి, నా జిగురు సీసాకి మూత పెట్టనిది ఎవరు, ఇవే మా యుద్ధాలు. ఇప్పుడా బల్ల దగ్గర ఇంకొకతను కూర్చుంటున్నాడు. మంచివాడే, కిటికీ సంగతే ఎత్తడు. నాకే ఏమీ తోచడం లేదు.

నందదాది అవతలి ఒడ్డున నైహాటి. రోజూ తొమ్మిదీ పదికి లాంచీ ఎక్కి, కుడివైపు రెయిలింగు పట్టుకుని నిలబడి, తొమ్మిదిన్నరకల్లా బల్ల దగ్గర ఉండేవాడు. మధ్యాహ్నం మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవనూనె కలుపుకుని తినేవాడు. సాయంత్రం నాలుగు లోపు బల్ల మీద ఒక్క కాగితం మిగలకూడదు, అదీ ఆయన పట్టుదల. నాలుగు దాటితే కాగితం బద్ధకిస్తుందనేవాడు. నాలుగుకి అయిదు నిమిషాలుండగా ఎవరైనా సంతకం పెట్టిన ఉత్తరం పట్టుకొస్తే తిడుతూనే తీసుకుని, తిడుతూనే కవరు అంటించి, తిడుతూనే సంచిలో వేసేవాడు. ఆ తిట్లు కూడా నాలుగుకల్లా అయిపోయేవి.

ఆయన బొమ్మలు వేస్తాడన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. పార్సిళ్లు చుట్టగా మిగిలిన గోధుమరంగు కాగితం ముక్కల మీద, ఫోను పట్టుకుని ఎవరో లైన్లోకి వచ్చేదాకా, పెన్సిలుతో గీసేవాడు. ఎప్పుడూ ఒకటే బొమ్మ. లాంచీ, రెయిలింగు, పొగమంచు, మఫ్లర్లు చుట్టుకున్న మనుషులు. గీసిన ముక్కతోనే మళ్లీ ఏదో ఒక కవరుకి అతుకు వేసేసేవాడు. ఎన్ని లాంచీలు అలా బాంకుడాకీ బర్ధమాన్‌కీ వెళ్లిపోయాయో లెక్కలేదు.

జనవరి మొదటివారంలో మా రిక్రియేషన్ క్లబ్బు మీటింగు జరిగింది. ఏటా జరిగేదే. ఒక నాటకం, నాలుగు పద్యాలు, క్లబ్బు పాత హార్మోనియం. ఈసారి కార్యదర్శి తమాల్ దత్తగుప్త లేచి, ఆ హార్మోనియం వింటే ఎలుకలు కూడా రికార్డు రూము వదిలిపెట్టి పోతున్నాయి, ఈ ఏడాది మనమందరం స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకుని మన బొమ్మలు మన కారిడార్‌లోనే ప్రదర్శన పెడదాం అన్నాడు. తమాల్ అకౌంట్సులో కుర్రవాడు, వయసు ముప్పైకి మించదు, చెప్పిందల్లా చేసి తీరే రకం. అందరం నవ్వాం. వారం తిరిగేసరికి శ్రీరాంపూర్ నుంచి వైకుంఠ పాల్ అనే మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. పట్టుచీరల మీద అచ్చులు వేసే కార్ఖానాలో నలభై ఏళ్లు పనిచేసిన చెయ్యి ఆయనది. బుధ, శుక్రవారాలు టిఫిన్ వేళ రికార్డు రూములోని పొడుగుబల్ల మీద పాఠం.

వైకుంఠదా మమ్మల్ని గుమాస్తాల్లా చూళ్లేదు, పనిలో చేరిన కొత్తవాళ్లని చూసినట్టే చూశాడు. చెక్క చట్రానికి సన్నటి జాలి బట్ట బిగించి, బొమ్మ రావలసినచోట మాత్రం రంధ్రాలు తెరిచి ఉంచి, మిగతాచోట మూసేసి, పైన రంగు పోసి రబ్బరు పట్టెతో ఒక్క లాగు లాగితే కింద కాగితం మీద బొమ్మ దిగుతుంది. ఎన్ని రంగులుంటే అన్ని చట్రాలు. చెప్పడానికి ఇంతే. లాగేటప్పుడు చెయ్యి ఆగితే మరక, తొందరపడితే మచ్చ. మొదటిరోజు ఎస్టాబ్లిష్‌మెంట్ గుమాస్తా రబ్బరు పట్టె సగంలో ఆపి టీ తాగి వస్తానన్నాడు.

"బాబూ, ఇది ఫైలు కాదు రేపటికి నెట్టడానికి. రంగు ఆరిపోతే జాలి చస్తుంది, జాలి చస్తే నేను చస్తాను," అన్నాడు వైకుంఠదా.

ఇక చూడాలి మా ఆఫీసుని. పదకొండుకి ముందు మొహం చూపించని ఆ ఎస్టాబ్లిష్‌మెంట్ మనిషే తొమ్మిదిన్నరకి వచ్చి చట్రాలు కడిగేవాడు. డ్రాయింగు బ్రాంచి వాళ్లు పులసచేప వేశారు, దాని కంటికే రెండు రోజులు పట్టింది. క్యాంటీన్ గిన్నెల్లో పసుపురంగు కలిపారని క్యాంటీన్‌వాడు అలిగితే, వాడి చేత కూడా ఒక కొబ్బరిచెట్టు వేయించాం. నేను చిలకని వేశాను. ఆకుపచ్చ అయిపోయి ఊదా కలిపాను. నందదా తలుపు దగ్గరే నిలబడి చూసి, "కాజరీ, వంకాయకి ముక్కెందుకు పెట్టావ్?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు నేను.

అలా తలుపు దగ్గరే నిలబడేవాడాయన. లోపలికి రాడు, అవతలికి పోడు. మూడో పాఠంనాడు వైకుంఠదాకి విసుగొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి రబ్బరు పట్టె చేతికిచ్చాడు. నందదా ఒక్క లాగు లాగాడు. చట్రం ఎత్తితే కింద తెల్లకాగితం మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీలం గంగ. ఎక్కడా మరక లేదు. ముప్పైమూడేళ్లు స్టాంపు వేసిన చెయ్యి, ఎంత ఒత్తాలో దానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. ఆయన కాసేపు ఆ కాగితాన్ని చూసి, అలవాటు కొద్దీ అడిగాడు, ఇది ఎవరికి పంపాలి అని. ఎవరికీ పంపక్కర్లేదు, గోడకి పెట్టుకోవడమే అన్నాడు వైకుంఠదా.

ఆ మాట ఆయన్ని పట్టుకుంది. ఆ సాయంత్రం నాలుగు దాటాక, సంచి వెళ్లిపోయాక, నాతో అన్నాడు.

"ఇన్నేళ్లలో నా చేతిమీదుగా పోయినవే గాని, ఈ ఆఫీసులో నిలిచింది ఒక్కటి లేదు కాజరీ. నెలాఖరుకి నేనూ పోతాను. ఒక్కటి, నా చేత్తో వేసింది ఒక్కటి ఆ గోడ మీద ఉండాలి. అంతే, ఇంకేం అడగను."

జనవరి ముప్పై ఒకటి శుక్రవారం ఉద్యోగంలో ఆయన ఆఖరి రోజు. ప్రదర్శన కూడా ఆ రోజే పెట్టాడు తమాల్, కావాలనే. పెద్ద సాహెబు గది ఎదుట కారిడార్ గోడకి పాత గడియారం తీసేసిన మేకు ఒకటుంది. నందదా దాన్ని చూపించి, ఆ మేకు నాది, ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయొద్దని అందరికీ చెప్పొచ్చాడు. ఎదురుచూపులు మొదలయ్యాయి ఆయనకి, అరవై ఏళ్ల మనిషి మెట్లు రెండేసి ఎక్కడం నేను కళ్లారా చూశాను.

ఆయన వేసేది లాంచీయే, వేరే చెప్పాలా. నాలుగు రంగులు. నీలం నీళ్లు, పొగమంచుకి లేత పసుపు, లాంచీ ఒంటికి ఎరుపు, చివరికి నల్లగీత. ఆ నల్లగీతలోనే రెయిలింగు, మనుషులు, మఫ్లర్లు, అన్నీ. మొదటి మూడు రంగులకీ కాగితం కత్తిరించి అడ్డుపెట్టడమే గనక వైకుంఠదా పక్కనుండి వేయించేశాడు. పన్నెండు కాగితాల మీద మూడు రంగులూ దిగాయి. లాంచీ ముక్కు ఎడమవైపు, చుంచురా వైపు. గీతల చట్రం మాత్రం వేరు. జాలికి ఒక మందు రాసి, పైన బొమ్మ ఉన్న పల్చటి కాగితం పరిచి ఎండలో పెడితే, గీతలున్నచోట తప్ప మిగతాదంతా గట్టిపడుతుంది. ఆ పాఠం ఇరవై తొమ్మిదో తేదీ బుధవారం చెప్పారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే బోరో వరికి, అంటే దాళ్వా పంటకి, నీళ్లు వదిలే నోటీసులు దిగాయి, నూటపది పంచాయతీలకి, నాలుగు లోపు పోవాలి. నందదా పాఠానికి రాలేదు. నోటీసులు పోయాయి. నేనూ ఆయనకి కవర్లంటిస్తూ కూర్చున్నాను, నేనూ వినలేదు.

గురువారం వైకుంఠదా రాడు, కార్ఖానాలో పెళ్లిచీరల పని. మందు సీసాలో అడుగున ఒక్క చట్రానికి సరిపోయేంత మిగిలింది. తమాల్ చట్రానికి మందు రాసి, ఆరబెట్టి, నల్లగుడ్డలో చుట్టి ఇచ్చి, కాగితం పరిచి అద్దం పెట్టి ఎండలో ఆరు నిమిషాలుంచండి అని చెప్పి ప్రదర్శనకి కలకత్తా సాహెబుని పిలవడానికి పోయాడు. మేమిద్దరం డాబా మీదకి వెళ్లాం. శీతాకాలపు ఎండ చక్కగా కాస్తోంది. అక్కడ వచ్చింది ప్రశ్న. కాగితాన్ని ఎటు పరచాలి, ఉన్నదున్నట్టుగానా, తిరగేసా?

మా ఇద్దరికీ ఒక్క క్షణం కూడా సందేహం రాలేదు, అదే మా ఖర్మ. కొత్త రబ్బరు స్టాంపు వస్తే ముందు మేం చూసేది అదే, అక్షరాలు తిరగబడి ఉన్నాయా లేదా అని. తిరగబడి ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడతాయి. ఆయన ముప్పైమూడేళ్లు, నేను ఇరవై రెండేళ్లు స్టాంపులతో బతికినవాళ్లం. తిరగేసిన అక్షరాలు గడగడా చదవగలం. తిరగేయాలి కదా అన్నాడాయన. మరి, తిరగేయక అన్నాను నేను. ఇరవై రెండేళ్లలో మేమిద్దరం ఒకే మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే.

కిందకి దిగి నీళ్లతో కడిగితే గీతలు ముత్యాల్లా తేలాయి. ఆయన మొహం వెలిగిపోయింది. మొదటి కాగితం పెట్టి, నల్లరంగు పోసి, లాగాడు. ఎత్తి చూశాం. ఎర్ర లాంచీ చుంచురా వైపు పోతోంది, రెయిలింగు నైహాటి వైపు పోతోంది. మఫ్లర్ల మనుషులు నట్టనడి గంగలో నీళ్ల మీద నిలబడి ఉన్నారు. నమ్మకం కుదరక ఇంకో కాగితం లాగాడు. అదీ అంతే. స్టాంపు బొమ్మని ఎదురుగా ఒత్తుతుంది గనక తిరగేయాలి, ఇక్కడ రంగు వెనకనుంచి నేరుగా దిగుతుంది గనక అక్కర్లేదు. ఆ ముక్క బుధవారం పాఠంలో ఉందట.

నాకు నవ్వొచ్చింది, నవ్వేశాను కూడా. ఆయన మొహం చూసి ఆగిపోయాను. రబ్బరు పట్టె కింద పెట్టి, ఆ పాడైన రెండు కాగితాల్నీ నాలుగు మడతలు వేసి, దేనికో అతుకుకి పనికొస్తుందిలే అన్నాడు. ఇంకా పది కాగితాలున్నాయి, మందు చుక్క లేదు, ప్రదర్శన రేపు. తప్పు ఇద్దరిదీ, మేకు మాత్రం ఆయన ఒక్కడిదే.

వైకుంఠదాకి ఫోను చేశాను. ముందు అయిదు నిమిషాలు తిట్టాడు. చదువుకున్నవాళ్లకి పని నేర్పడం కన్నా గేదెకి ఈత నేర్పడం సులువు అన్నాడు. గేదెకి ఈత వచ్చుగా అన్నాను. అదే నేను చెప్పేది అన్నాడు. తిట్టి తిట్టి చల్లబడ్డాక, చట్రాన్నే తిరగెయ్యండి అన్నాడు. జాలి పైకి వస్తుంది, బొమ్మ సరవుతుంది. కానీ అప్పుడు జాలికీ బల్లకీ మధ్య చట్రం మందమంత ఎడం ఉంటుంది, కాగితం అందదు. చట్రం లోపల సరిగ్గా ఇమిడే చెక్క దిమ్మ ఒకటి, అంతే ఎత్తుది, వెంట్రుకవాసి తేడా లేకుండా కావాలి, వడ్రంగి ఉన్నాడా అని అడిగాడు. వడ్రంగి ఎక్కడినుంచి వస్తాడు మధ్యాహ్నం రెండున్నరకి? ఫోను పెట్టేశాను.

నందదా నా వైపు చూడటం లేదు. తన వెనకున్న అలమారా వైపు చూస్తున్నాడు. ముప్పైమూడేళ్ల డిస్పాచ్ రిజిస్టర్లు, ఎర్ర కాలికో గుడ్డ అట్టలు, ఏడాదికొకటి. లేచి వెళ్లి, అట్టల వీపుల మీద చెయ్యి రాసుకుంటూ పోయి, నాలుగు బయటికి లాగాడు.

"వరదల ఏడాది పనికిరాదు, ఉత్తరాలెక్కువ, లావు. ఎన్నికల ఏడాది సన్నం. ఈ నాలుగూ ఒక్క మందం," అన్నాడు.

కిందా మీదా రెండేసి, పక్కపక్కన పెట్టి, చట్రం దించాడు. కొలిచి చేయించినట్టు ఇమిడిపోయాయి. జాలి మీద అరచెయ్యి పెట్టి చూశాం, అట్ట తగిలీ తగలనట్టుంది. చట్రం తిరగబడింది గనక రంగుకి గట్టు లేదు, పక్కలకి కారిపోతుంది. పార్సిలు టేపు చుట్టూ అంటించాను. జాలిలోంచి కిందకి చూస్తూ నల్లగీతని ఎర్ర లాంచీ మీదికి తెచ్చి నిలిపి, నేను రెండు చేతులతో చట్రం అదిమి పట్టుకుంటే ఆయన లాగాడు. మొదటిది అలికిపోయింది. రెండోది సగమే పడింది. మూడోదానికి రంగు ఎక్కువైంది, నాలుగోదానికి నా చెయ్యి కదిలింది, ఆయన నన్ను తిట్టాడు, నేనూ తిట్టాను. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదోది బాగానే వచ్చి ఎత్తేటప్పుడు జారి నేల మీద బోర్లా పడింది. తొమ్మిదోది చిరిగింది. ఒక్క కాగితం మిగిలింది. టైము మూడూ యాభై అయిదు.

"కాజరీ, ఊపిరి బిగబట్టు," అన్నాడు. బిగబట్టాను. లాగాడు.

మెల్లగా ఎత్తాం. రెయిలింగు లాంచీ మీద ఉంది. మనుషులు రెయిలింగు దగ్గర ఉన్నారు. మఫ్లర్లు, సంచులు, ఒకామె చేతిలో టిఫిన్ డబ్బా, కుడివైపు చివర్న ఊదారంగు వేళ్లు కనబడకపోయినా ఎవరో తెలిసిపోయే పొట్టి మనిషి. రికార్డు రూములో ఇద్దరం ముసలివాళ్లం చిన్నపిల్లల్లా గెంతాం. ఎస్టాబ్లిష్‌మెంట్ మనిషి పరిగెత్తుకొచ్చి ఎలుకా అని అడిగాడు. నాలుగు అయ్యింది. ఆ రోజు ఆయన బల్ల మీద రెండు ఉత్తరాలు మిగిలిపోయాయి, ఆయన చూసుకోలేదు. నేనూ చెప్పలేదు.

శుక్రవారం కారిడార్ మా కారిడార్‌లా లేదు. ఇరవై ఆరు బొమ్మలు, దారం కట్టి, క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. పులసచేప కన్ను అందరినీ చూస్తోంది. నా వంకాయ, అదే చిలక, మెట్ల దగ్గర చీకట్లో పెట్టాడు తమాల్, వాడి పని తర్వాత చెప్పాను. మేకు మీద మాత్రం నందదా లాంచీ. పూరబీ బౌదీ, అంటే మా వదిన, ఆయన భార్య, కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన పాటిసాప్టా, అంటే చుట్టిన తీపి అట్లు, పెద్ద డబ్బా నిండా తెచ్చి, ఎవరడిగినా అడక్కపోయినా ఆ బొమ్మ మా ఆయనదే అని చెబుతోంది. నీళ్ల నోటీసుల కోసం వచ్చిన రైతులు కూడా ఆగి చూశారు. ఒకతను తాను రోజూ ఎక్కే లాంచీయే అని పట్టేశాడు. నందదా తెల్లటి పంజాబీ లాల్చీ తొడుక్కుని మేకు కింద నిలబడి, ఎవరు చూస్తే వాళ్ల మొహం చూస్తున్నాడు.

మూడింటికి కలకత్తానుంచి సూపరింటెండింగ్ ఇంజనీరు లాహిడీ సాహెబు వచ్చాడు. మంచి మనిషే. ఒక్కొక్క బొమ్మా చూశాడు, నా చిలకని చూసి వంకాయ బాగుందన్నాడు. లాంచీ దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. చుంచురా ఆయన అమ్మమ్మగారి ఊరట, చిన్నప్పుడు ఇదే లాంచీ ఎక్కేవాడట. కళ్లజోడు తుడుచుకుని, దీన్ని నేను తీసుకెళ్తాను, కలకత్తాలో నా గదిలో పెట్టుకుంటాను అన్నాడు. పెద్ద గౌరవం అన్నట్టే అన్నాడు పాపం. అందరూ చప్పట్లు కొట్టారు. మా పెద్ద సాహెబు అందరికన్నా ముందు కొట్టాడు. తమాల్ మొహం పాలిపోయింది.

నేను నందదా వైపు చూశాను. ఆయన మేకు మీదనుంచి బొమ్మ తీసేశాడు. బల్ల దగ్గరికి పోయి గోధుమరంగు కాగితం పరిచి, బొమ్మ పెట్టి, అంచులు మడుస్తున్నాడు. ముప్పైమూడేళ్ల చేతులు, బయటికి పంపమంటే పంపడమే వాటికి తెలిసింది. మొహంలో ఏమీ లేదు. డిస్పాచ్ రిజిస్టరు కూడా తెరిచాడు, నంబరు వేయడానికి. గోడ మీద ఉత్త మేకు ఉంది. నా ఒళ్లు మండిపోయింది. సాహెబు మీద కాదు, ఆ చేతుల మీద.

వెళ్లి కాగితం మీద నా చెయ్యి పెట్టాను. "నందదా, ఆగు. ఇది ఇన్‌వార్డే కాలేదు, బయటికెలా పంపుతావు?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఏ ఆఫీసులోనైనా ఉన్న రూలే అది. మేం రాసే ఉత్తరాల సంగతి వేరు, రిజిస్టరులో లోపలికి రాని వస్తువు బయటికి పోదు. నేను బొమ్మని లాక్కుని నా బల్ల దగ్గరికొచ్చి, ఇన్‌వార్డ్ రిజిస్టరు తెరిచి, అందరూ చూస్తుండగా రాశాను. నంబరు ఆరువందల పద్దెనిమిది. విషయం, లాంచీ బొమ్మ ఒకటి. ఎక్కడ ఉంచవలెను, కారిడార్ గోడ, మేకు. వర్గం, శాశ్వత రికార్డు. బొమ్మ వెనక స్టాంపు ఠపీమని వేసి, సాహెబు ముందు రిజిస్టరు పెట్టాను.

"సార్, ఇది శాశ్వత రికార్డు అయింది. ఇక కమిటీ వేసి తీర్మానం చేస్తే తప్ప ఆఫీసు దాటదు. కమిటీకి రాయమంటారా?"

లాహిడీ సాహెబు రిజిస్టరు చదివాడు. నన్ను చూశాడు, నందదాని చూశాడు, ఉత్త మేకుని చూశాడు. ఆయనా ముప్పై ఏళ్లు సర్కారు నౌకరీ చేసినవాడే. కమిటీ అంటే ఏమిటో ఆయనకి నేను చెప్పాలా. జేబులోంచి పెన్ను తీసి, ఆ ఎంట్రీ పక్కన పొట్టి సంతకం గీకి, "వద్దులెండి. బొమ్మ చూడాలనిపిస్తే నేనే లాంచీ ఎక్కి వస్తాను," అన్నాడు. అప్పుడు పడ్డాయి అసలు చప్పట్లు. పూరబీ బౌదీ సాహెబు చేతిలో రెండు పాటిసాప్టాలు పెట్టింది.

తమాల్ బొమ్మని మళ్లీ మేకుకి తగిలించాడు. నందదా మాత్రం అటు చూడలేదు. నా బల్ల దగ్గరే నిలబడి రిజిస్టరు చూస్తున్నాడు. అందులో ఎవరి నుంచి అనే గడి ఒకటుంటుంది. కలెక్టరు నుంచి, చీఫ్ ఇంజనీరు నుంచి, ఫలానా పంచాయతీ నుంచి. ఆరువందల పద్దెనిమిది ఎదురుగా ఆ గడిలో శ్రీ నందదులాల్ పాఖిరా అని ఉంది. ముప్పైమూడేళ్లలో లక్షల కవర్లమీద లోకంలో అందరి పేర్లూ రాసిన మనిషి. ఆఫీసు కాగితం మీద, ఎవరి నుంచి అన్నచోట, ఆయన పేరు పడటం అదే మొదలు. ఆయన చూపుడువేలు చాపి ఆ పేరు మీద పెట్టాడు. నిన్నటి నల్లరంగు ఇంకా పూర్తిగా పోలేదు ఆ వేలికి, కింద పాత ఊదా అలాగే ఉంది.

"సిరా ఆరలేదు, చెయ్యి తియ్యి," అన్నాను.

తియ్యలేదు. అలికిపోతుందని అరిచాను, ఇరవై రెండేళ్లుగా అరుస్తున్నట్టే. అలికిపోయింది కూడా. మొన్న ఆడిటువాళ్లు వచ్చి, ఈ ఎంట్రీ మీద మరక ఏమిటి, ఎవరి వేలిముద్ర అని అడిగారు. శాశ్వత రికార్డు అన్నాను.